చమురు దెబ్బ – కరెన్సీ నిలకడ

మూలిగే నక్కపై తాటిపండు పడినట్లు అని మన పెద్దల సామెత. ఆ మాట వినగానే మన దృష్టి అంతా తాటిపండు మీదనే నిలుస్తుంది. పండు పడకముందే ఆ నక్క ఎందుకు మూలుగుతున్నదో మనము సాధారణంగా విచారించము. ప్రపంచ విపణిలో ముడి చమురు ధర హఠాత్తుగా పెరగడం, ఆ వెంటనే ఏదో ఒక బలహీన దేశపు కరెన్సీ కుప్పకూలడం – ఈ వార్తలను గత యాభై సంవత్సరాలుగా లోకము పదే పదే చదువుతున్నది. నింద ఎప్పుడూ చమురుదే. కాని ఒకే ధర ఒకే రోజున అన్ని దేశాల మీద పడినప్పుడు కొన్ని దేశాలు తూలి నిలదొక్కుకొంటే, కొన్ని మాత్రమే ఎందుకు కూలిపోతున్నవి? ఈ నెల మనము ఆలోచించవలసిన ప్రశ్న అది.

ఈ శీర్షిక చదివే ఉద్యోగ మిత్రులలోను, వారి కుటుంబ సభ్యులలోను అర్థశాస్త్రము అభ్యసించినవారు కొద్దిమందే ఉండవచ్చు. ఈ వ్యాసకర్త కూడా యంత్రాల మధ్య జీవితం గడిపినవాడే. కాబట్టి మనకు పరిచయమైన యంత్రాల భాషలోనే ఈ విషయాన్ని అర్థము చేసికొనే ప్రయత్నం చేద్దాము.

డాలర్ల తొట్టి

వంకాయ ధర పెరిగితే గృహిణి బీరకాయ కొంటుంది. కాని డీజిలు ధర పెరిగిన మరునాడే లారీ వేరొక దానితో నడువదు. రైతు పంపుసెట్టు ఆగిపోతే పైరు ఎండుతుంది. విద్యుత్కేంద్రం ఆగిపోతే ఆసుపత్రి చీకటిలో పడుతుంది. చమురు ధర రెండింతలైనా వాడకము మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. తత్ఫలితంగా దిగుమతుల బిల్లు దాదాపు ధర పెరిగినంతగానూ పెరుగుతుంది.

ఆ బిల్లు చెల్లించవలసినది డాలర్లలో. రూపాయలను మన ముద్రణాలయంలో అచ్చు వేసికొనవచ్చును గాని డాలర్లను వేయలేము. అవి నాలుగు దారులలోనే వస్తాయి – మనము ఎగుమతి చేసే సరుకులు, సేవలు. విదేశాలలో పనిచేసే మనవారు పంపే సొమ్ము. మన దేశాన్ని చూడవచ్చే యాత్రికులు. విదేశీయుల పెట్టుబడులు, అప్పులు. ఈ నాలుగు కాలువల నీరు చేరే తొట్టియే దేశపు విదేశీ మారకద్రవ్య నిల్వ.

జలవిద్యుత్కేంద్రాలలో పనిచేసిన మిత్రులకు సర్జ్ ట్యాంకు సుపరిచితము. పెద్ద గొట్టంలో వేగంగా ప్రవహించే నీటిని వాల్వు మూసి హఠాత్తుగా ఆపితే ఆ నీటి తాకిడికి ఉక్కు గొట్టమైనా పగులుతుంది. సర్జ్ ట్యాంకు ఆ తాకిడిని లేకుండా చేయదు. దానిని తనలోనికి తీసికొని, మెల్లగా తగ్గనిచ్చి, గొట్టానికి వ్యవధి కల్పిస్తుంది. మారకద్రవ్య నిల్వ చేసే పని కూడా అదే. అది చమురు ధరను తగ్గించలేదు. దేశం తన వాడకాన్ని, తన ఖర్చులను సవరించుకొనడానికి కావలసిన కాలాన్ని మాత్రం కొనిపెడుతుంది. అందుచేతనే నిల్వను ఎన్ని కోట్లు అని గాక, ఎన్ని వారాల దిగుమతులకు సరిపోతుంది అని లెక్కించడం సంప్రదాయము.

తొట్టి అడుగంటిన దేశంలో రెండు విషయాలు జరుగుతాయి. మొదటిది, దెబ్బ రెండింతలు కావడం. డాలర్లకు గిరాకీ పెరిగి స్థానిక కరెన్సీ విలువ పడిపోతుంది. అప్పుడు చమురు ధరలోని పెరుగుదల, డాలరు ధరలోని పెరుగుదల ఒకదానితో ఒకటి కూడవు, గుణించుకొంటాయి. రెండవది, భయము. రూపాయి ఇంకా పడుతుందని అనుమానము కలిగిన ఎగుమతిదారు తనకు రావలసిన డాలర్లను విదేశంలోనే నిలిపి ఉంచుతాడు. దిగుమతిదారు రేపు కొనవలసిన డాలర్లను ఈరోజే కొంటాడు. పరదేశంలోని కూలి తన సొమ్మును బ్యాంకు ద్వారా గాక హవాలా దారిలో పంపుతాడు. ఎవరికి వారు తమ క్షేమం కోసం చేసికొనే ఈ పనులన్నీ కలిసి భయపడిన దానినే నిజము చేస్తాయి. గవర్నరు పాడైన ఇంజను వేగము పెరిగినకొద్దీ మరింత ఇంధనం తీసికొని ఏ విధంగా అదుపు తప్పుతుందో, కరెన్సీ కూడా ఆ విధంగానే అదుపు తప్పుతుంది.

1990–91: దెబ్బ తగిలినది ఎప్పుడు, ప్రాణం మీదికి వచ్చినది ఎప్పుడు?

మన దేశపు అనుభవమే ఇందుకు మంచి నిదర్శనము. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినవి. జూలైలో బ్యారెల్ 17 డాలర్ల ప్రాంతంలో ఉన్న ముడి చమురు అక్టోబరులో 40 డాలర్లను తాకినది. మనకు ఆ దెబ్బ ఒక్క చమురు బిల్లు రూపంలోనే రాలేదు. కువైట్, ఇరాక్‌లలో చిక్కుకొన్న సుమారు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చినది. వారిలో కేరళీయులతోపాటు మన కడప, ఉభయ గోదావరి జిల్లాల వారు అనేకులు. వారు కట్టుబట్టలతో దిగివచ్చిన రోజునుంచి వారి ఇళ్లకు వచ్చే మనియార్డర్లు, డ్రాఫ్టులు ఆగిపోయినవి. ఒక చేతితో ఎక్కువ చెల్లించవలసిన సమయంలోనే రెండవ చేతికి అందే సొమ్ము తగ్గిపోయినది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే.

ప్రభుత్వం 1990 అక్టోబరులో పెట్రోలియం ఉత్పత్తులపై 25 శాతం గల్ఫ్ సర్‌ఛార్జి విధించినది. దిగుమతులకు బ్యాంకులలో ముందుగా కట్టవలసిన నగదు మార్జినును రిజర్వు బ్యాంకు అంచెలంచెలుగా పెంచి, 1991 ఏప్రిల్ నాటికి 200 శాతం చేసినది. అనగా లక్ష రూపాయల విడిభాగం తెప్పించుకొనవలెనంటే రెండు లక్షలు ముందుగా కట్టవలెను. ఆ కాలంలో కర్మాగారాలలో పనిచేసిన మన సీనియర్లను అడిగితే, దిగుమతి బేరింగు దొరకక పాతదానికే మరమ్మతు చేసి యంత్రాలను నడిపిన కథలు ఎన్నో చెప్పుదురు.

ఇక్కడ ఒక విషయాన్ని పాఠకులు ప్రత్యేకంగా గమనించవలెను. 1991 జనవరి 17న గల్ఫ్ యుద్ధం మొదలైన వెంటనే చమురు ధర పడిపోయి 20 డాలర్ల ప్రాంతానికి దిగివచ్చినది. అనగా చమురు దెబ్బ ఆరు నెలలలోనే ముగిసినది. కాని మన బంగారం దేశం దాటినది ఆ తరువాతనే! 1991 మే నెలలో, దొంగ రవాణాదారుల వద్ద ప్రభుత్వం స్వాధీనము చేసికొన్న బంగారంలో 20 టన్నులను స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండు బ్యాంకుకు తరలించి సుమారు 20 కోట్ల డాలర్లు తెచ్చుకొన్నాము. జూలైలో రిజర్వు బ్యాంకు తన సొంత బంగారం సుమారు 47 టన్నులను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద కుదువ పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తీసికొన్నది. జూన్‌లో మన మారకద్రవ్య నిల్వ 100 కోట్ల డాలర్లకు కాస్త అటుఇటుగా ఉన్నది. అది రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే మొత్తము. పి. వి. నరసింహారావు ప్రధానిగా, డాక్టర్ మన్‌మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా బాధ్యతలు స్వీకరించిన కొద్ది రోజులకే, జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించవలసి వచ్చినది. 21 రూపాయల ప్రాంతంలో ఉన్న డాలరు 26 రూపాయల ప్రాంతానికి చేరినది.

తాటిపండు పడి పక్కకు దొర్లిపోయిన తరువాత నక్కకు ప్రాణం మీదికి వచ్చినది ఎందువల్ల? 1980వ దశకమంతా ప్రభుత్వం ఆదాయానికి మించి ఖర్చు చేసినది. ఎగుమతులు దిగుమతులకు చాలలేదు. ఆ లోటును స్వల్పకాలిక విదేశీ అప్పులతోను, ఎప్పుడైనా వెనక్కు తీసికొనదగిన ప్రవాసుల డిపాజిట్లతోను పూడ్చుకొంటూ వచ్చాము. చమురు ధర పెరిగినప్పుడు అప్పిచ్చినవారు మన ఖాతా పుస్తకాన్ని తెరచి చూచినారు. చమురు ధర తగ్గిన తరువాత కూడా వారి అనుమానం తగ్గలేదు. డిపాజిట్లు వెళ్లిపోయినవి, పాత అప్పులను తిరగవ్రాసేవారు లేకపోయినారు. కనిపించని పగులును చమురు కనిపించేటట్లు చేసినది, అంతే.

2022: లంగరు వేసిన నౌక

ముప్ఫై యేండ్ల తరువాత మన పొరుగింట ఇదే కథ మరింత విషాదంగా నడిచినది. 2022 మార్చి 28 నుండి పెట్రోలుతో నిండిన ఒక నౌక శ్రీలంక తీరంలో లంగరు వేసికొని ఉన్నది. పెట్రోలు కళ్లెదుటనే ఉన్నది. బంకుల వద్ద జనము మైళ్ల పొడవున వరుసలలో ఉన్నారు. కాని ఆ సరఫరాదారుకు అంతకుముందు జనవరిలో తెప్పించుకొన్న సరుకు తాలూకు 5.3 కోట్ల డాలర్లు బాకీ ఉన్నది. పాతది, కొత్తది కలిపి చెల్లిస్తే తప్ప సరుకు దింపబోమని వారు పట్టుపట్టినారు. దేశానికి ఆ మాత్రం డాలర్లు లేవని మే నెలలో ఇంధన మంత్రియే ప్రకటించినారు.

శ్రీలంక పతనానికి కారణం యుక్రెయిన్ యుద్ధంవల్ల పెరిగిన చమురు ధర అని చాలామంది భావిస్తారు. కాని కాలక్రమాన్ని పరిశీలించండి. యుద్ధం మొదలైనది 2022 ఫిబ్రవరి 24న. ఆ దేశంలోని ఏకైక చమురుశుద్ధి కర్మాగారం సపుగస్కంద ముడి చమురు కొనడానికి డాలర్లు లేక మూతబడినది 2021 నవంబరులో, అనగా యుద్ధానికి మూడు నెలల ముందే! 2019 చివర సుమారు 760 కోట్ల డాలర్లుగా ఉన్న నిల్వ అప్పటికే 160 కోట్లకు పడిపోయినది. 2019 ఈస్టరు నాటి బాంబు పేలుళ్లు, ఆపై కోవిడ్ కలిసి యాత్రికుల రాకను ఆపివేసినవి. 2019 చివరి పన్నుల తగ్గింపు ఖజానాను బలహీనపరచినది. 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిపై హఠాత్తుగా విధించిన నిషేధం వరి, తేయాకు పంటలను దెబ్బతీసినది.

వీటికి తోడు, పడిపోతున్న రూపాయిని డాలరుకు 200 ప్రాంతంలో బలవంతంగా నిలిపి ఉంచినారు. బయటి విపణిలో అంతకంటె ఎక్కువ వస్తుంటే పరదేశంలోని శ్రీలంక కార్మికుడు బ్యాంకుకు ఎందుకు వెళ్తాడు? 2020లో సుమారు 710 కోట్ల డాలర్లుగా ఉన్న ప్రవాసుల సొమ్ము 2021లో 550 కోట్లకు తగ్గిపోయినది. కరెన్సీని కాపాడడానికని చేసిన పనియే తొట్టిలోనికి వచ్చే కాలువను మూసివేసినది.

2022 మార్చి 7న ఆ కట్టు విప్పవలసి వచ్చినది. మే నాటికి డాలరు 360 రూపాయలైనది. ఇంతకుముందు చెప్పిన గుణకారమును ఇక్కడ సరిచూచుకొనవచ్చును. బ్యారెల్ 70 డాలర్లు, డాలరు 200 రూపాయలు అయినప్పుడు ముడి చమురు బ్యారెల్ ధర 14,000 శ్రీలంక రూపాయలు. బ్యారెల్ 110 డాలర్లు, డాలరు 360 రూపాయలు అయినప్పుడు అదే బ్యారెల్ 39,600 రూపాయలు. చమురు ధర ఒకటిన్నర రెట్లకు కొంచెము పైన మాత్రమే పెరిగినది. శ్రీలంక పౌరుడు మోయవలసిన బరువు దాదాపు మూడు రెట్లయినది. సంవత్సరారంభంలో లీటరు 177 రూపాయలున్న పెట్రోలు జూన్ చివరకు 470కి చేరినది. ప్రజలకు కష్టం కలుగరాదని ధరను చాలాకాలం తొక్కిపట్టి, ఆ నష్టాన్ని ప్రభుత్వరంగ చమురు సంస్థ మీద, దానికి అప్పులిచ్చిన ప్రభుత్వ బ్యాంకుల మీద వేసినారు. తుదకు మెట్టుమెట్టుగా దిగవలసిన చోట గోడ మీదనుండి దూకవలసి వచ్చినది.

ఈ అంకెల వెనుక మనుషులున్నారు. ఇంధనం కోసం గంటల తరబడి వరుసలో నిలిచిన వృద్ధులు అక్కడే కుప్పకూలి మరణించినారు. కాగితం దిగుమతికి డాలర్లు లేక పడమటి రాష్ట్రంలో బడిపిల్లల పరీక్షలు వాయిదా పడినవి. మార్చి చివర రోజుకు 13 గంటల వరకు విద్యుత్తు కోత విధించినారు. ఏప్రిల్ 12న ఆ దేశం తన విదేశీ అప్పుల చెల్లింపులను నిలిపివేసినది. సెప్టెంబరులో కొలంబోలో ద్రవ్యోల్బణం సుమారు 70 శాతానికి చేరినది; అనగా జీతం మారని ఉద్యోగి ఇంట మూడు పూటల భోజనం రెండు పూటలకు కుదించుకొనవలసిన స్థితి. ఆ సంవత్సరం మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల మేరకు ఆదుకొన్నది. అందులో ఇంధనం కొరకే ముందు 50 కోట్లు, ఆపైన మరి 20 కోట్ల డాలర్ల ఋణ సౌకర్యం కల్పించినాము. బంగారాన్ని కుదువ పెట్టిన కాలాన్ని ఎరిగిన దేశం పొరుగువారికి చేయి అందించగలిగినందుకు మనము సంతోషించవచ్చును.

ఒకే ఏడు, రెండు ఇళ్లు

అదే 2022లో అదే చమురు ధర మన దేశం మీద కూడా పడినది. డాలరు 74 రూపాయల ప్రాంతం నుండి 82 దాటినది. 2021 చివర సుమారు 63,000 కోట్ల డాలర్లున్న మన నిల్వ 2022 అక్టోబరు నాటికి సుమారు 52,500 కోట్లకు తగ్గినది. అందులో కొంత రూపాయి పతనాన్ని నెమ్మదింపజేయడానికి వెచ్చించినది కాగా, కొంత ఇతర దేశాల కరెన్సీల విలువ పడిపోవడంవల్ల లెక్కలో తరిగినది. కాని బంకులలో పెట్రోలు ఆగలేదు. నౌకలు తీరంలో నిలిచిపోలేదు. తొట్టిలో నీరు తగ్గినది, గొట్టం పగులలేదు. తొట్టిని కట్టుకొన్నదే అందుకొరకు.

ఈ తొట్టి ఒక్కరోజున నిండినది కాదు. 2013లోనూ మనకు ఒక పరీక్ష ఎదురైనది. అమెరికాలో వడ్డీ రేట్లు పెరుగుతాయన్న భయంతో విదేశీ పెట్టుబడులు వెనక్కు మళ్లినవి. ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటినది. రోజూ డాలర్లు కొనవలసిన ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థల గిరాకీయే విపణిలో భయాన్ని పెంచుతున్నదని గ్రహించి, అదే రోజున రిజర్వు బ్యాంకు ఆ మూడు సంస్థలకు కావలసిన డాలర్లను తానే నేరుగా, తిరిగి ఇచ్చే షరతుపై సమకూర్చే ఏర్పాటు ప్రకటించినది. ప్రధాన గొట్టం మీది ఒత్తిడిని తగ్గించడానికి బైపాసు వాల్వు తెరవడం వంటిది ఇది. ప్రవాసుల డిపాజిట్లను ఆకర్షించే పథకము కూడా దానికి తోడై, కొద్ది వారాలలోనే రూపాయి కుదుటపడినది.

ధర పెరుగుదల మాత్రమే ప్రమాదమని కూడా తలచరాదు. చమురు ఎగుమతియే ఆధారంగా బ్రతికే నైజీరియాకు 2014 తరువాతి ధరల పతనమే శాపమైనది. డాలర్ల రాక తగ్గినా తన నైరాను ఒకే రేటు వద్ద పట్టి ఉంచి, 2016 జూన్‌లో వదలివేయవలసి వచ్చినది. దెబ్బ ఏ దిక్కునుండి వచ్చినా అది వెదకేది పగులునే.

మన చేతిలో ఉన్నది

మన తొట్టి నేడు పెద్దదే. 2024 సెప్టెంబరు చివర అది 70,000 కోట్ల డాలర్లు దాటినది. 1991లో బంగారం కుదువ పెట్టిన మన రిజర్వు బ్యాంకు 2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి 200 టన్నుల బంగారాన్ని సుమారు 670 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది. అయినను నిశ్చింతగా కూర్చుండరాదు. మనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైబడి విదేశాలనుండే వస్తున్నది. 2023–24లో సుమారు 23 కోట్ల టన్నులు దిగుమతి చేసికొన్నాము. అది సుమారు 170 కోట్ల బ్యారెళ్లు. అనగా బ్యారెల్‌కు ఒక్క డాలరు పెరిగితే సంవత్సరానికి 170 కోట్ల డాలర్ల అదనపు భారం. 1991లో 67 టన్నుల బంగారం పెట్టి మనము తెచ్చుకొన్న మొత్తము సుమారు 60 కోట్ల డాలర్లని గుర్తు చేసికొంటే ఈ అంకె బరువు తెలుస్తుంది.

డాలర్ల తొట్టితోపాటు చమురు తొట్టి కూడ అవసరమని గుర్తించి, విశాఖపట్నం, మంగళూరు, పాదూరులలో భూగర్భ శిలలను తొలిచి 53 లక్షల టన్నుల సామర్థ్యముగల నిల్వలను నిర్మించినారు. వీటిలో మొదట సిద్ధమైనది 13 లక్షల టన్నులకు పైబడిన మన విశాఖ గుహయే. చుట్టూ ఉన్న భూగర్భ జలాల ఒత్తిడియే చమురును బయటికి పోనీయకుండా కాపాడే ఆ నిర్మాణం ఇంజనీర్లు గర్వించదగినది. 2020లో కోవిడ్ కారణంగా ధర అట్టడుగుకు పడిపోయినప్పుడు బ్యారెల్ సగటున 19 డాలర్లకు కొని ఈ గుహలను నింపినారు. అయితే అవి పూర్తిగా నిండినా దేశానికి సుమారు తొమ్మిది రోజుల అవసరానికే సరిపోతాయి.

ఇంత పెద్ద విషయంలో మనవంటి ఉద్యోగులు చేయగలిగినదేమున్నదని కొందరు అనుకొనవచ్చు. మన బాయిలరు విభాగపు మిత్రులకు తెలిసిన లెక్కనే చెప్పుతాను. 7 కిలోల ఒత్తిడిగల ఆవిరి గొట్టంలో 3 మిల్లీమీటర్ల రంధ్రమొక్కటి ఏడాది పొడవునా ఉంటే, దానివల్ల వృథా అయ్యే ఫర్నేసు ఆయిలు సుమారు 33 కిలోలీటర్లు. అది 200 బ్యారెళ్లకు పైమాటే. బ్యారెల్ 70 డాలర్ల చొప్పున చూచినా 14,000 డాలర్లు. బియ్యపు గింజ మందమున్న ఆ రంధ్రాన్ని మూయడానికి కావలసినది ఒక వెల్డరు, ఒక గంట షట్‌డౌను. ఇంటివద్ద కూడా టైర్లలో గాలి సరిచూచుకొనడం, ఒకే దారిన పోయే నలుగురు ఒకే కారులో పోవడం, పొయ్యి మీద మూత పెట్టి వండడం – ఇవి చిన్న పనులే గాని, ప్రతి ఒక్కటీ డాలరు ఆదా చేసేదే.

చమురు ధర మన చేతిలో లేదు. అది ఎక్కడి యుద్ధాలతోనో, ఎవరి నిర్ణయాలతోనో పెరుగుతుంది, తగ్గుతుంది. మన చేతిలో ఉన్నవి మూడు – ధర తక్కువగా ఉన్న కాలంలో తొట్టి నింపుకొనడం, ఆదాయానికి లోబడి ఖర్చు చేయడం, నిజమైన ధరను దాచకుండా ప్రజలకు మెల్లమెల్లగా తెలియజేస్తూ పేదవానికి నేరుగా సాయపడడం. ఈ మూడూ సాగిన దేశంలో తాటిపండు పడినా నొప్పి పుడుతుందే గాని ప్రాణం పోదు. మనలను గట్టిగా పరీక్షించేది ధర పెరిగిన సంవత్సరము కాదు. దానికి ముందు, ఎవరూ చమురును గురించి మాటలాడుకొనని చల్లని సంవత్సరాలే.